తొడ విరిగింది, మణికట్టు చెప్పింది

కోర్టులో నా ఎదుట కూర్చున్న డాక్టరు ఒకప్పుడు నా శిష్యురాలు. తొందరెక్కువని తుఫాను అని పేరు పెట్టింది నేనే. ఎక్స్‌రే చూడడం నేర్పిందీ నేనే కాబట్టి, ఆమెతో పోట్లాడే హక్కు కూడా నాదే.

పసివాడి తొడ ఎముక విరిగింది. గుడ్డ మారుస్తూ కాలెత్తితే టప్పుమందని తల్లి చెప్పింది. అంతమాత్రానికి విరగదు, ఎవరో మెలిపెట్టారని తుఫాను తేల్చేసింది. ఆ ఒక్క ముక్కతో తల్లి మీద కేసు పెట్టి, బిడ్డను శిశుగృహానికి పంపారు. వాణ్ణి తల్లికి ఇవ్వాలా వద్దా అన్నది జడ్జిగారు ఈ రోజు చెప్పాలి. తల్లి తరఫున నన్ను పిలిచారు. డాక్టర్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి వాదించుకోమనడం ఆయన పద్ధతి.

తుఫాను పొరబడినందుకు కాదు, వాచిన చోటు తప్ప ఇంకెక్కడా చూడనందుకు నాకు ఒళ్ళు మండింది. కొట్టారన్న మాట చెవిన పడగానే ఆస్పత్రిలో అందరి కళ్ళూ తొడకే అతుక్కుపోయాయి. పసిపిల్లల ఎముకల బలం తెలియాలంటే మణికట్టు ఎక్స్‌రే చూడాలి. కోర్టు అనుమతితో నేను ముందు అదే తీయించాను, రక్తపరీక్షతో సహా.

ఆ ఫిల్మును తుఫాను ముందు పెట్టాను. "ఎముక కొస గీత గీసినట్టుండాలి. ఇక్కడ చూడు, పాత చీపురులా చీలిపోయింది. విటమిన్ డి లేక మెత్తబడింది. ఇలాంటి ఎముక గుడ్డ మార్చినా విరగొచ్చు."

తుఫాను ఊరుకునే రకమా! "మెత్తటి ఎముకలున్న పిల్లల్ని ఎవరూ కొట్టరా, మేడమ్?"

లోలోపల మురిసిపోయాను. అడగాల్సిన ప్రశ్న అదే.

"కొడతారు. అందుకే ఒళ్ళంతా ఎక్స్‌రే తీయించా. ఇంకెక్కడా విరగలేదు. చేర్చిన రోజు కూడా ఒంటిమీద కమిలిన మచ్చ లేదని నువ్వే రాశావు. ఎవరూ కొట్టలేదని నేను ఒట్టేసి చెప్పను. కొట్టారని ఈ ఎముక మాత్రం చెప్పట్లేదు."

ఆమె మణికట్టు ఫిల్మును వెలుతురుకెత్తి చూసింది. "నా మాట వెనక్కి తీసుకుంటున్నానండి," అంది జడ్జిగారితో. నిండు కోర్టులో ఆ మాట అనడానికి గుండె కావాలి. నాకు గర్వంగా అనిపించింది.

బిడ్డను తల్లికి ఇమ్మన్నారు. వరండాలో ఆయా వాణ్ణి అందించబోతే తల్లి చేతులు వెనక్కి దాచుకుంది.

"మళ్ళీ విరిగితే?"

అంతసేపు గలగలా వాదించిన నాకు ఏడుపొచ్చింది. తుఫానే ముందుకొచ్చింది.

"ఒక చెయ్యి మెడకింద, ఇంకోటి నడుంకింద పెట్టమ్మా. కాళ్ళు పట్టి ఎత్తొద్దు. మందు వేస్తున్నాం, గట్టిపడతాయి. నేనిక్కడే ఉంటా. నెమ్మదిగా ఎత్తుకో, తొందరేం లేదు."

తల్లి ఎత్తుకుంది. వాడు ఆమె జుట్టు పట్టుకుని గట్టిగా లాగాడు.