గవ్వ గడ్డి తిన్న తీరు

కవిటి దగ్గర కొబ్బరితోటల నడుమ ఉన్న ఆ ఊళ్ళో ఉషారాణి పొద్దున్నే ఎవరికి కనబడినా పక్కన కుక్క ఉండాల్సిందే. ఆమెకి షుగరుంది, రోజూ నడవమన్నాడు డాక్టరు. ఒంటరిగా నడవబుద్ధి కాక గవ్వని వెంటేసుకునేది. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు చారలు చూసి ఆమె భర్త పెట్టిన పేరది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆ ఉద్దానం పల్లెల్లో ఎందరినో తిన్న కిడ్నీ జబ్బే ఆయన్నీ తినేసింది.

గవ్వకో అలవాటుంది. కంచె వారన లేతగరిక కనిపిస్తే చాలు, ఆగిపోయి ఏరి ఏరి కొరికేది. అది మరిది ధర్మారావు కంటబడితే ఊరుకునేవాడు కాదు.

"ఏటొదినా, కుక్కని పెంచుతన్నావా, మేకని పెంచుతన్నావా? కడుపులో రోగముండే అలగ మేత్తాది. రెండు తగిలించు, మానేత్తాది."

ఉషారాణికి కొట్టడానికి చెయ్యి రాలేదు. ఓసారి నోట్లోంచి గడ్డి లాగబోతే గవ్వ ఇంకా తొందరగా మింగేసింది. ఊళ్ళో కుక్కలకి టీకాలు వెయ్యడానికి పలాస నుంచి డాక్టరు రజని వచ్చినప్పుడు ఆమెనే అడిగింది.

రజని నవ్వింది. "కుక్కలు గడ్డి తినడం మామూలేనమ్మా. రోగముంటేనే తింటాయని కాదు. గడ్డి తిన్న ప్రతి కుక్కా కక్కుకోదు కూడా. కొట్టొద్దు, లాగొద్దు. పిలిచి ఓ బిస్కట్ ముక్క పెట్టి ముందుకి నడిపించండి. కలుపుమందు కొట్టిన చోటికి మాత్రం పోనివ్వకండి. నులిపురుగుల మందు వేళకి వేయించండి."

"మరి భయపడాల్సిందెప్పుడమ్మా?"

"తినే తీరు మారినప్పుడు. ఆబగా దొరికిందల్లా మింగుతూ, మాటిమాటికీ కక్కుతూ, అన్నం ముట్టకపోతే ఆ రోజే తీసుకురండి. రేపు చూద్దాం అనుకోవద్దు."

ఆ చివరి మాట ఉషారాణికి గుచ్చుకుంది. భర్త కాళ్ళు వాచినప్పుడు, అన్నం సయించడం లేదన్నప్పుడు, ఎండన పడి తిరిగొచ్చాడులే అనుకుని నిమ్మరసం కలిపి ఇచ్చింది తను. ఆసుపత్రి గడప తొక్కేసరికి ఆర్నెల్లు దాటిపోయాయి.

ఆ రోజు నుంచి గవ్వ తిండినీ నడకనీ కనిపెట్టుకుని ఉండేది. ధర్మారావు ఎగతాళి చేస్తే, "గడ్డి తింటే తప్పునేదంట. దాని రుసి దానిది. ఒగ్గెయ్ బాబూ" అని సాగిపోయేది.

మామిడిపళ్ళ రోజుల్లో ఓ మంగళవారం గడప దాటీ దాటగానే గవ్వ గడ్డి మీద పడింది. లేతదీ ముదురుదీ చూడలేదు. ఎండుగడ్డి, మట్టంటిన వేళ్ళు, రాలిన ఆకులు, ఏది దొరికితే అది మింగి, మెడ చాచి కక్కింది. మళ్ళీ మింగింది, మళ్ళీ కక్కింది. చేపముక్క కలిపి అన్నం పెడితే మూతి తిప్పేసుకుంది.

ఆటో కోసం ఢిల్లీబాబుకి ఫోన్ చేస్తుంటే ధర్మారావు అడ్డొచ్చాడు. "గడ్డి తింటే తప్పునేదని నువ్వే కదేటి సెప్పినావు? ఓ పూట పస్తుంటే అదే సర్దుకుంతాది. కుక్క కోసం పలాస ఎల్తావా? ఊరు నవ్వుతాది."

"నవ్వనీ. రోజూ తినే తీరు ఏరు, ఇయాల తీరు ఏరు. నాను సూసినాను. మీ అన్నకి కాళ్ళు వాసినప్పుడు సూసి కూడా సూడనట్టున్నాను. మల్లీ అలగుండను."

ధర్మారావు పక్కకి తప్పుకున్నాడు. ఆటో కదిలింది.

పలాసలో రజని గవ్వ పొట్ట నొక్కగానే అది మూలిగింది. ఎక్స్‌రే తీస్తే పేగుకి అడ్డంగా మామిడి టెంక. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేశారు. వరండాలో రెండు గంటలసేపు ఉషారాణి కూర్చోలేక, నిలబడలేక, తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది.

తలుపు తీసుకుని రజని బయటికొచ్చింది. చేతిలోని పళ్ళెంలో నల్లబడ్డ టెంక. "బతికిందమ్మా! రేపటిదాకా ఆగుంటే పేగు కుళ్ళిపోయేది. ఇంత తొందరగా ఎలా కనిపెట్టారు?"

"గడ్డి తినే తీరు సూసినానమ్మా" అంది ఉషారాణి. అని, ఇన్నాళ్ళూ రాని ఏడుపంతా ఒక్కసారి వచ్చి, ఆ ఏడుపులోనే నవ్వేసింది.

మూడో రోజు ఆటో వీధిలోకి తిరిగేసరికి ఇళ్ళల్లోని ఆడవాళ్ళందరూ బయటికొచ్చారు. పొట్టకి కట్టుతో గవ్వ తల పైకెత్తి దొరసానిలా కూర్చుంది. "పేనం పోసీసినావే ఉషా!" అని ఎవరో అరిచారు. జనాన్ని తోసుకుని ధర్మారావే వచ్చి గవ్వని రెండు చేతులా ఎత్తి అరుగు మీద పడుకోబెట్టాడు. దాని తల నిమిరాడు.

"ఒదినా" అన్నాడు, ఎవరికీ వినబడకుండా. "వారం రోజులై నాకూ అన్నం సయిత్తం నేదు. పొద్దున్న లేసీసరికి మొకం ఉబ్బుతంది. ఎవులికీ సెప్పనేదు. రేపోసారి నాతో ఆసుపత్రికొత్తావా?"

ఉషారాణి అతని ఉబ్బిన మొహం చూసి, గవ్వని పక్కింటావిడకి అప్పగించింది.

"రేపెందుకు? ఢిల్లీబాబూ, బండి తిప్పు!"

ఆసుపత్రిలో చేసిన రక్తపరీక్షలో కిడ్నీ జబ్బు బయటపడింది. అయితే మొదట్లోనే. మందులు వాడి, ఉప్పు తగ్గించి, చెప్పినప్పుడల్లా పరీక్షకొస్తే ముదరకుండా చాలాకాలం ఆపొచ్చన్నాడు డాక్టరు. "ఈయన్ని ఇంత వేళకి తీసుకొచ్చిందెవరు?" అని అడిగాడు.

"మా ఒదిన" అన్నాడు ధర్మారావు, ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా.