సీనియమ్మాళ్ దాచిన ఏండ్లు

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఇల్లిల్లూ గాలించండి, అసూయ అంటే ఎరగని మనిషి ఒక్క సీనియమ్మాళే. ఈ మాట తప్పయితే నా మీసం సగం గొరిగించుకుంటాను.

సీనియమ్మాళ్, పంచవర్ణం ఇద్దరూ ట్రాన్స్ మహిళలు. అక్కడి తమిళ మాటలో తిరునంగైలు. ముప్పై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ వేరుశెనగ మిఠాయి చేసి అమ్ముతున్నారు. పంచవర్ణం అక్క, సీనియమ్మాళ్ చెల్లెలు. పెద్దది నీళ్లు మొయ్యాలి, చిన్నదానికి మొదటి ముద్ద పెట్టాలి. వాళ్లను చేరదీసిన పెద్దమ్మ, పోయేముందు పెట్టిపోయిన కట్టుబాటు అది.

ఈ మధ్య విరుదునగర్ నుంచి సంగవి అనే నర్సు రావడం మొదలుపెట్టింది. అరవై దాటిన తిరునంగైలు ముసలితనంలో ఆరోగ్యంగా ఉండాలంటే ఏం కావాలన్నది ఆమె పరిశోధన. మొదటిరోజు వయసు అడిగితే పంచవర్ణం అరవై ఐదంది. సీనియమ్మాళ్ అలవాటు కొద్దీ యాభై ఎనిమిదంది. అంతే, ఆమెను లెక్కలోంచి తీసేశారు.

వారంవారం సంగవి పంచవర్ణం చెయ్యి పట్టుకుని రక్తపోటు చూసేది. "నిద్ర పడతా ఉండాదా అవ్వా? ఆసుపత్రిలో మర్యాదగా మాట్లాడతారా?" అని అడిగి, చెప్పిందంతా రాసుకునేది. సీనియమ్మాళ్‌కూ మోకాళ్లు నొచ్చేవి, తల తిరిగేది. వరుసలో పాత పేరు పెట్టి పిలుస్తారని ఆమె ఆసుపత్రి గడప తొక్కి పదేళ్లయింది. ఆమె చెయ్యి పట్టుకుని అడిగినవాళ్లు లేరు. పాకం తిప్పుతూ చెవులు అటే వేసేది. ఒకరోజు పాకం మాడబెట్టింది. ఇంకోరోజు సంగవికిచ్చిన టీలో చక్కెర వేసి, పంచవర్ణం గ్లాసులో ఉప్పు వేసింది. సరే, నా మీసం పోయినట్టే, మంగలిని పిలవండి.

నాలుగోవారం సంగవి పిడికిలి బలం కొలిచే పరికరం తెచ్చింది. పంచవర్ణం నొక్కితే ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది.

"బాగుండాది అవ్వా," అంది సంగవి.

"ఇదా బాగు?" సీనియమ్మాళ్ పొయ్యి దగ్గర్నుంచి లేచింది. "బెల్లం దిమ్మ పగలగొట్టేది నేనే దా. ఇట్ల తే."

"నీకింకా అరవై రాలేదు కదవ్వా."

"వచ్చి తొమ్మిదేండ్లాయె!"

పంచవర్ణం వేళ్లు మడిచి లెక్కేసింది. "అట్లయితే నాకంటే నాలుగేండ్లు పెద్దదానివి! ముప్పై ఏండ్లు నాతో నీళ్లు మోయిస్తివే, పాపిష్టిదానా!"

"చిన్నదాన్నంటే పెద్దమ్మ నన్నే ముద్దు చేస్తుందని అట్ల చెప్తిని. చెప్పినాక ఎట్ల మార్చేది?"

సంగవి నవ్వు ఆపుకుంటూ ఆమె పేరు రాసుకుని, పరికరం చేతికిచ్చింది. సీనియమ్మాళ్ నొక్కిన నొక్కుకు ముల్లు ఊడి, కిటికీలోంచి ఎగిరిపోయి ఎదురింటి మేక కొమ్ముకు గుచ్చుకుంది. తరువాత చేతికి పట్టీ చుట్టి చూస్తే రక్తపోటూ అలాగే ఎగిరి ఉంది. సంగవి నవ్వడం మానేసింది.

"బేస్తవారం విరుదునగర్ ఆసుపత్రికి పోదాం అవ్వా. వరుసలో నీ పక్కన నేనుంటా. సీనియమ్మాళ్ అనే దా పిలవాల. వేరే పేరంటే ఊరకుండను."

సీనియమ్మాళ్ అక్కవైపు, కాదు, చెల్లెలివైపు గర్వంగా చూసింది. ఈసారి మూతి ముడుచుకోవడం పంచవర్ణం వంతయింది.

"నన్ను ఒంటిగా వదిలి పోతావా? నేనూ వస్తా. నీ ఒళ్లు బాగయ్యేదాకా నీళ్లు నేనే మోస్తా," అని కంచం ముందుకు జరిపింది. "మొదటి ముద్ద మాత్రం ఇంక నాకు పెట్టు, అక్కా!"

సీనియమ్మాళ్ పెట్టింది, చిన్న ముద్ద.

ఆ మేక నా కల్పన. ఎదురింట్లో ఉన్నవి కోళ్లు.