గీత మీద నిలబడిన జీవులు

"మధ్యలో ఉండేవాటినంతా సంపేసి, మూడు జాతులు పుట్టినాయని చెప్తాండారు. ఇది పరిశోధన కాదు సార్, మోసం."

కారు మదనపల్లె దాటకముందే వెనక సీట్లోంచి నీరజ ఈ మాట విసిరింది. ముందు సీట్లోని ఉమాశంకర్ కిటికీ అద్దం పైకెత్తుకున్నాడు. ఆయన ఆమె గైడు. కంప్యూటర్లో ఉత్తుత్తి జీవుల్ని పుట్టించి, తరతరానికీ కాస్త కాస్త మారుస్తూ, అవి వేరువేరు జాతులుగా ఎప్పుడు చీలతాయో చూడడం వాళ్ల ప్రాజెక్టు. జన్యువులు దగ్గరగా ఉన్నవి జతకడతాయి, మరీ దూరమైతే కట్టవు. అంతవరకూ న్యాయమే. కానీ ఏ గుంపులోనూ ఇమడని జీవుల్ని ప్రతి తరంలోనూ చెత్త కింద తుడిచేసే కోడు వరుస ఒకటి ఆయన ప్రోగ్రాములో ఇరికించాడు. పొద్దున బయల్దేరబోతూ ఆమె అది చూసింది.

మధ్యాహ్నం కుప్పంలో సదస్సు. మూడు జాతుల ఫలితం చూపిస్తే పరిశోధన సీటు ఆమెదేనని అక్కడి యూనివర్సిటీవాళ్లు నోటిమాటగా అన్నారు. ఆమె నాన్న కుప్పుస్వామి అప్పుడే ఊరంతా చాటేశాడు. నీరజ మాత్రం ఆ వరుస పీకేసి, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని మళ్లీ నడిపిస్తోంది. కాసేపు తెర వంక, కాసేపు కిటికీ వంక. ఎక్కడా చూపు నిలవదు.

పుంగనూరులో టీకి ఆగేసరికి ఫలితం వచ్చింది. మూడు లేవు. ఉన్నది ఒకటే పొడవాటి గుంపు. ప్రతి జీవీ తన పక్కదానితో జతకడుతుంది, ఈ కొసది మాత్రం ఆ కొసదానితో కట్టదు. ఎక్కడ తెంచినా ఒక జంట విడిపోవాల్సిందే.

తెర ఆయన ముందు పెట్టింది. ఆయన టీ ఊదుకుంటూ చూశాడు.

"యాడో ఒక సోట గీత గీయాల కదమ్మా. ఈ పుంగనూరు పొట్టి ఆవు జాతికి ఇంతే ఎత్తని గీత పెట్టుకోలేదా?"

"గీసుకోండి సార్. గీత మీద నిలబడిన ఆవును కోసేస్తారా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. సీటు పోతే తనను అడగొద్దన్నాడు.

సదస్సులో ఆయన తెరమీద మూడు రంగుల చుక్కలు వేసి, మూడు జాతులన్నాడు. చప్పట్లు పడ్డాయి. నీరజ లేచింది. తుడిచేసే వరుస సంగతి చెప్పేసింది. ముందు వరుసలోని పెద్దాయన విసుక్కుని, అయితే ఎన్ని జాతులో నువ్వే చెప్పమన్నాడు.

"గీత జరిపితే లెక్క మారతాది సార్." ఆమె ఉమాశంకర్ వైపు తిరిగింది. "మొదట ఆ మూడును తెరమీద నుంచి తీసేయండి. తుడిచేసినవాటిని మళ్లా పెట్టి, ఈడనే, మా అందరి ముందర నడపండి. గీతను యాడ గీసినారో, ఎందుకు గీసినారో రాసి పెట్టండి. సీటు సంగతి తర్వాత మాట్లాడదాం."