సవతి రూపు

మా ఆయనకు రాజుల ముఖాలంటే ఇష్టం. అదీ చచ్చి రెండు వందల ఏళ్ళు దాటిన స్పెయిన్ రాజుల ముఖాలు, వెండి నాణేల మీదవి. బతికున్న ముఖం ఒకటి రోజూ ఎదురుగా అన్నం వడ్డిస్తోందని ఆయనకు ఎవరైనా చెప్పాలి.

పేరు రాంప్రసాద్. బిలాస్‌పూర్‌లో గూడ్సు బళ్ళకు గార్డు. డ్యూటీ దిగితే చాలు, క్వార్టర్ వరండాలో స్టూలు వేసుకుని, భూతద్దం పట్టుకుని డబ్బా తెరుస్తారు. స్పెయిన్ వాళ్ళు మెక్సికోలో, పెరూలో అక్కడి గనుల వెండితో కొట్టించిన నాణేలవి. కొన్ని భీమిలి రేవుకు ఓడలొచ్చే కాలంలో ఈయన పెద్దల చేతికి వచ్చినవి. కొన్ని ఇక్కడి గోల్ బజార్‌లో కంసాలులు కరిగించబోతుంటే బతిమాలి తెచ్చుకున్నవి. రాజు జుట్టులో ఒక ఉంగరం ఎక్కువుంటే ఒక రకం, అక్షరం కాస్త పక్కకు జరిగితే ఇంకో రకం. ఆ తేడాలు చెబుతున్నప్పుడు ఆయన గొంతే మారిపోతుంది. నేను కొత్త చీర కట్టుకుంటే మాత్రం ఏ తేడా కనబడదు.

నేను రెండో భార్యను. మొదటావిడ చిన్నమ్మి జ్వరమొచ్చి పోయింది. మావైపు రెండో పెళ్ళాం, పోయినావిడ పేరున మెడలో ఒక బిళ్ళ కట్టుకోవాలి. సవతి రూపు అంటారు. శుక్రవారం దానికి పసుపు రాయాలి, కొత్త చీర ముందు దానికి తాకించాకే కట్టుకోవాలి, మెడలోంచి తీయకూడదు. మా పెళ్ళికి ముందు ఆడపడుచు అచ్చియమ్మ బంగారు బిళ్ళ చేయిద్దామంటే, ఈయన డబ్బాలోంచి చిన్న నాణెం ఒకటి తీసి, కంసాలితో కొక్కెం అతికించి తెచ్చారట. ప్రాణంగా దాచుకున్న వాటిలోంచి ఒకటి ఇచ్చారంటే చిన్నమ్మి మీద ఎంత ప్రేమో అనుకున్నాను. లోలోపల కుళ్ళుకునేదాన్ని కూడా.

మొన్న ఆదివారం వంగి పులుసు వడ్డిస్తుంటే రూపు బయటికి జారి తిరగబడింది. ముద్ద నోటిదాకా తీసుకెళ్ళిన ఆయన చెయ్యి ఆగిపోయింది. నా మెడవైపే చూస్తున్నారు.

"కదలకు," అన్నారు.

ఎడం చేత్తో భూతద్దం అందుకుని నా దగ్గరికి జరిగారు. ఆయన ఊపిరి నా మెడకు తగిలింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా గుండె గబగబా కొట్టుకుంది. ఈ వయసులో ఇదేం చోద్యమని నవ్వు కూడా వచ్చింది. గరిటె పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాను.

"ఎమ్ తలకిందులుగా ఉందే!" అన్నారు.

"ఏటండీ?"

"మెక్సికో గుర్తు. ఒకప్పుడు కొన్నాళ్ళు ఆ టంకశాలలో ఈ అక్షరాలు తలకిందులుగా కొట్టీసినారు. ఎంత వెతికినా నాకు దొరకలేదు. మసి పట్టుంటే ఇది మామూలు రకమే అనుకున్నాను. కొక్కెం పెట్టించీసి నా చేత్తో నేనే పాడుచేసుకున్నాను కదా!"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నమ్మి పోయినప్పుడు తమ్ముడు ఏడవలేదని, గట్టివాడని అచ్చియమ్మ గొప్పగా చెప్పేది.

ఆ మసి వదిలింది నా స్నానాలకు, నేను రాసిన పసుపుకు. ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు.

"తీసీ ఇలాగియ్యి," అన్నారు.

"ఇది చిన్నమ్మి కదండీ. తియ్యకూడదు."

"అరె, చిన్నమ్మికి ఇంకోటి కట్టిస్తాను. డబ్బాలో మామూలువి బోల్డున్నాయి."

గరిటె గిన్నెలో పడేశాను. అంటే రూపు చేయించిన రోజూ అంతే. ఉన్నవాటిలో ఎందుకూ పనికిరాదనుకున్నదే ఏరి, పోయిన పెళ్ళాం పేరున ఇచ్చాడు ఈ మనిషి.

"చిన్నమ్మి ఎలాగుండేదండీ?" అని అడిగాను.

"ఎలాగంటే... బాగానే ఉండేది."

"ముఖం గుండ్రమా, కోలా? నవ్వితే సొట్ట పడేదేటి?"

ఆయన ఆలోచించారు. రాజు జుట్టులో ఎన్ని ఉంగరాలో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి, చాలాసేపు ఆలోచించారు.

"ఇప్పుడవన్నీ ఎందుకు? అచ్ఛా, డ్యూటీ నుంచొచ్చి చూస్తాను. తీసి ఉంచు," అని చెయ్యి కడుక్కున్నారు.

రేపు నేను పోతే నా గురించీ ఇదే చెబుతారు. బాగానే ఉండేది. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ ఉండదు.

కర్గీ రోడ్ వైపు గూడ్సు ఉందని సంచీ పట్టుకుని వెళ్ళిపోయారు. నేను రూపు తియ్యలేదు. ఆయన మరిచిపోయిన భూతద్దం పెట్టి చూశాను. తలకిందుల అక్షరం, కొక్కెం దగ్గర అతుకు మచ్చ. దీనితో మనసులో ఎన్నేళ్ళు పోట్లాడానో. ఆవిడకూ ఇదే వరండా, ఇదే డబ్బా, దాని మీదికి వంగిన ఇదే వీపు. ఏడుపొచ్చింది, ఎవరి కోసమో తెలియలేదు.

చాలాసేపటికి ఆకలేసింది. పళ్ళెంలో అన్నం పెట్టుకుని కూర్చుని, ఆవిణ్ణి మొదటిసారి వరస పెట్టి పిలిచాను.

"తిందాం రా, అక్కా."