నాబ్‌లన్నీ కట్టేసిన తల్లి

పిల్ల ఆ సింథసైజర్‌ను చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చిన రోజే తల్లికి సగం ప్రాణం పోయింది. ఎవరో వాడి వదిలించుకున్న సరుకు, చౌకగా దొరికిందట. ఒక మూల పగిలి ఉంది, వాయించే మెట్లలో రెండు లోపలికి కుంగి ఉన్నాయి.

"ఇది పేలుతుంది," అంది తల్లి.

"పేలడానికి ఇదేమన్నా కుక్కరా అమ్మా?"

"కుక్కరైతే కనీసం ముందు విజిల్ వేస్తుంది."

అంతకుముందు గిటార్‌దీ ఇదే కథ. అదీ చౌకదే. తీగలు దాని మెడ మీద అంత ఎత్తున నిలబడి ఉండేవి. వాటిని నొక్కి నొక్కి పిల్ల వేళ్ళ కొసలు కాయలు కాస్తే, తల్లి దూది పట్టుకుని పదిహేను రోజులు వెంట తిరిగింది. శ్రుతి చేసి పక్కన పెడితే, మంచినీళ్ళు తాగి వచ్చేలోపు జారిపోయేది. మళ్ళీ బిగించేటప్పుడు తీగ తెగి ఎక్కడ కంట్లో కొడుతుందోనని ఆవిడ తన చలవ కళ్ళద్దాలు తెచ్చి పెట్టేది. ఆ పిల్ల మంచిది కాబట్టి అవి పెట్టుకునే వాయించేది.

ముందు గదిలో తల్లి బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది. గోడకు అవతల కూతురు వాయిస్తుంది. ఈమధ్య నాలుగు రోజులుగా ఒకటే ధ్వని. నాటకాలు వేయించే ఒకావిడ అడిగిందట: కథలో ఒక పాత ఇల్లు నిద్రపోతూ ఉంటుంది, అది పక్కకు ఒత్తిగిలినప్పుడు ఎలా వినపడుతుందో అలాంటి చప్పుడు కావాలని. నాలుగో రోజు పిల్ల ఫోన్లో వినిపిస్తే ఆవిడ, "ఇదే. దీన్ని ఇంక కదపకు. శుక్రవారం నాలుగింటికి నేనే వచ్చి వింటాను. ఎదురుగా విన్నా ఇంత బాగుంటే నాటకం మొత్తానికి సంగీతం నీదే," అంది. పిల్లకు బయటివాళ్ళు ఇస్తున్న మొదటి పని అది.

శుక్రవారం పొద్దున కూతురు తెగిన వైరుకు అతుకు వేయించడానికి వెళ్ళింది. ఇంటికి మనిషి వస్తోంది కదా అని తల్లి గది సర్దడానికి పూనుకుంది. సింథసైజర్ ముందు నిలబడగానే ఒళ్ళు జలదరించింది. ముప్పై రెండు నాబ్‌లు, ఒక్కోటి ఒక్కో దిక్కుకు తిరిగి ఉన్నాయి. స్టవ్ సగం తిప్పి వదిలేసి పోయినట్టు. ఇన్నాళ్ళూ ఇల్లు ఎలా నిలబడిందో అనుకుంది. ప్లగ్గు పీకి, రబ్బరు చెప్పులు వేసుకుని, ఒక్కో నాబ్‌ను ఎడమకు చివరిదాకా తిప్పి కట్టేసింది. పక్కన పెన్సిల్ మరకలుంటే తడిగుడ్డతో నిగనిగలాడేలా తుడిచింది.

కూతురు వచ్చి సింథసైజర్‌ను చూసింది.

"అమ్మా, దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే. అన్నీ తెరిచి వదిలేశావు. కట్టేశాను."

"ఖరీదైనవాటిలో అయితే ధ్వనిని దాచుకోవచ్చమ్మా. దీనికి జ్ఞాపకం లేదు. నాబ్‌లు ఎక్కడుంటే అదే ధ్వని. పెన్సిల్‌తో గుర్తులు కూడా పెట్టుకున్నాను."

"మురికనుకున్నాను," అంది తల్లి. "ఎక్కడా రికార్డు చేసుకోలేదా అమ్మలూ?"

"రికార్డింగ్ వైరే కదా తెగింది, అది బాగయ్యాక ఇవాళ చేద్దామనుకున్నా."

పిల్ల అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ఆ ఒక్క నిమిషంలో తల్లి ఊహలో చాలా దూరం వెళ్ళిపోయింది: నాటకాలావిడ మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది, పిల్ల అన్నం మానేసింది, వాద్యాలన్నీ మంచం కిందికి చేరాయి, అన్నిటికీ కారణం ఒక తడిగుడ్డ.

కూతురు ప్లగ్గు పెట్టి మొదలుపెట్టింది. గంట గడిచింది. గోడ అవతల తల్లి మెషిను మీద చెయ్యి కదపలేదు. చివరికి గుమ్మంలోకి వచ్చింది.

"అది కాదు."

"ఏది కాదు?"

"మొదట్లో అంత నున్నగా ఉండేది కాదు. మెషిను బెల్టు వదులైనప్పుడు కొట్టుకున్నట్టు లోపల ఒక వణుకు ఉండేది. కాలిపోబోతోందని నేను వాసన చూసుకునేదాన్ని."

కూతురు తల తిప్పి చూసింది. ఒక నాబ్ కాస్త కదిపింది.

"ఆ, ఇప్పుడు వాసన చూడాలనిపిస్తోంది. ఆ తర్వాత కిందికి దిగేది, మెల్లగా. పైకప్పు దిగుతోందేమోనని తలెత్తి చూసేదాన్ని. ఇంకా మెల్లగా. నేను దారం తెంపి, కత్తెర పక్కన పెట్టి, అప్పుడు తలెత్తేదాన్ని."

"ఇంత గుర్తుందా నీకు?"

"నాలుగు రోజులు చచ్చేంత భయంతో విన్నాను తల్లీ. గుర్తుండక ఏం చేస్తుంది?"

అలా ఇద్దరూ కూర్చున్నారు. కూతురు తిప్పుతుంది, తల్లి తన భయాలను వరసగా ఒప్పజెబుతుంది. ఇక్కడ గుండె ఝల్లుమనాలి, అనలేదు. ఇక్కడ లేచి నిలబడేదాన్ని, ఇంకా లేవాలనిపించట్లేదు. పిల్లకు నవ్వు ఆగలేదు. మూడున్నరకు ఒకసారి మెట్టు నొక్కితే, తల్లి మాట్లాడకుండా స్టూలు మీంచి లేచి గుమ్మం దాకా పరుగు తీసింది.

"ఇదే," అంది అక్కణ్ణుంచే.

నాలుగింటికి నాటకాలావిడ వచ్చింది. చెప్పులు విడిచి కింద కూర్చుని, కళ్ళు మూసుకుని రెండుసార్లు వింది.

"ఫోన్లో విన్నదానికన్నా చివర్లో కాస్త తేడాగా ఉంది. ఇప్పుడు ఇల్లు ఒత్తిగిలి, మళ్ళీ నిద్రపోయినట్టుంది. ఇలాగే ఉంచు. సోమవారం నుంచి రిహార్సల్‌కి వచ్చెయ్యి. ఆ గిటారూ తెచ్చుకో."

కూతురు తలాడించింది. తల్లి మాత్రం గొంతు సవరించుకుంది.

"అక్కడ వైర్లు నేల మీదే ఉంటాయా అండీ?"

"ఉంటాయండీ, టేపు వేస్తాం."

"స్టేజి చెక్కదా? చెదలేమన్నా పట్టిందా?"

"అమ్మా," అంది కూతురు.

"ఉండవే. పైన లైట్లు దేనికి కట్టి ఉంటాయండీ, తాడుకా, ఇనుముకా? ఇంటికి వచ్చేసరికి ఎన్నవుతుంది? తోడు ఎవరన్నా ఉంటారా?"

నాటకాలావిడ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఆగింది.

"ఇన్ని అడిగారు. అంతమంది ముందు అమ్మాయి బాగా వాయించగలదా లేదా అని మాత్రం అడగలేదేమండీ?"

తల్లి ఆవిడవైపు వింతగా చూసింది.

"దానికేం భయమండీ? వాయిస్తుంది."