తీగ లేని జమిడిక

ఎడమ చేతి రెండు వేళ్లు పోయిన వారానికి గణపతి ఊళ్లో ఉన్న చిన్నాయనకు ఫోన్ చేశాడు. కట్టు ఇంకా విప్పలేదు. ఒమాన్‌లోని అల్ అమెరాత్‌లో వాళ్ల కంపెనీ కడుతున్న ఫ్లాట్ల సైట్లో, ఇనుప చువ్వలు కోసే మిషన్ దగ్గర జరిగింది. చూపుడు వేలు మొదలంటా, మధ్య వేలు సగానికి పోయాయి. "పానం మంచిగున్నదా?" అని అడిగిన చిన్నాయన ఇస్తారి, ఆ తర్వాత ఏ చెయ్యో, ఏ వేళ్లో అడిగి తెలుసుకున్నాడు.

"అయితే ఇగ నీకు పాట లేదు బిడ్డా" అన్నాడు.

వాళ్లు బైండ్లవాళ్లు. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో ఎల్లమ్మ కొలుపులకు జమిడిక వాయించి కథ చెప్పే ఇల్లు. జమిడిక అంటే చిన్న బోలు డొల్ల. ఒక పక్క తోలుతో మూస్తారు. ఆ తోలు నడుమ నుంచి నరంతో చేసిన తీగ బయటికి వస్తుంది. డొల్లను చంకలో ఇరికించుకుని, తీగ కొసన ఉన్న పిడిని ఎడమ చేత్తో లాగుతూ, సడలిస్తూ, కుడి చేత్తో మీటాలి. లాగితే స్వరం పైకి పాకుతుంది, సడలిస్తే కిందికి జారుతుంది. ఆ పాకుడూ జారుడూ రానివాడు ఎంత గట్టిగా మీటినా అది జమిడిక కాదు. ఆ పిడిని పట్టుకునేది సరిగ్గా గణపతికి పోయిన రెండు వేళ్లతోనే.

తొమ్మిదేళ్ల వయసులో తండ్రి దగ్గర పట్టిన విద్య. ఒమాన్‌కు వచ్చాక కూడా సెలవు మీద ఊరికి పోయినప్పుడల్లా నాలుగు కొలుపులైనా చేసి వచ్చేవాడు. వేళ్లు పోయాక కంపెనీ అతన్ని స్టీల్ పని నుంచి తీసి స్టోర్‌లో వేసింది. పాట మాత్రం ఎవరూ తియ్యమనకుండానే అతనే తీసేశాడు. రెండేళ్లు కూనిరాగం కూడా తియ్యలేదు.

రూమ్‌లో అతని పక్క మంచం ఖాదర్‌ది. ప్రొద్దుటూరు మనిషి, కంపెనీలో ఏసీ మెకానిక్. ఒకప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించాడు. ఇక్కడ కీబోర్డు పెట్టుకునేందుకు మంచం మీద చోటెక్కడిది? అందుకని ఎవరో వాడి వదిలేసిన టాబ్ ఒకటి సంపాదించి, సంగీతానికి సంబంధించిన యాప్ ఏది కొత్తగా వచ్చినా అందులో వేసుకుని చూస్తుంటాడు. ఒక శుక్రవారం నమాజ్ అయ్యి, అన్నాలు తిన్నాక, గణపతిని పిలిచాడు.

"గణపతన్నా, ఇట్ల రా. కొత్తది దించినా, చూద్దువు."

"ఏంది, ఆటనా?"

"ఆట కాదన్నా, సింథసైజర్. కీబోర్డులో వాళ్లు పెట్టిన సౌండే వచ్చాది. దీంట్లో సౌండు మనమే తయారు చేసుకోవచ్చు."

తెర నిండా చిన్న చిన్న తిరగళ్లలా చక్రాలు, కింద పియానో మెట్లు. ఖాదర్ ముందుగా అందులో ఉన్నవి వినిపించాడు. వేణువు, వయొలిన్, బూర. 'ఇండియా' అని రాసి ఉన్నది నొక్కితే సితారని చెప్పుకునే ఏదో మోగింది.

"జాతరల అమ్మే పీక లెక్కున్నది" అన్నాడు గణపతి, లేచి పోబోతూ.

"ఉండు బ్బా. అవన్నీ తీసేచ్చా." ఖాదర్ ఖాళీ పేజీ ఒకటి తెరిచాడు. తెర మీద రంపపు పళ్లలాంటి గీత ఒకటే మిగిలింది. మెట్టు నొక్కితే గరుకుగా, పచ్చిగా ఒక మోత. "ఇది సున్నం ఏయని గోడ. దీన్ని మనం ఎట్ల గావాలంటే అట్ల చెక్కుకోవచ్చు." అంటూ గ్లైడ్ అని రాసి ఉన్న చక్రం తిప్పి, కింది మెట్టు మీది నుంచి పై మెట్టుకు వేలు మార్చాడు. స్వరం గెంతలేదు. పాకింది.

గణపతి మళ్లీ కూర్చున్నాడు. "మళ్ల చెయ్యి" అన్నాడు.

ఖాదర్ మళ్లీ చేశాడు. గణపతి అతని చేతుల్లోంచి టాబ్ లాక్కున్నంత పని చేశాడు. ఎడమ అంచున నిలువుగా ఒక పట్టీ ఉంది. దాని మీద వేలు పైకి రాస్తే స్వరం బిగుస్తుంది, కిందికి రాస్తే సడలుతుంది. సగం మిగిలిన మధ్య వేలి మొండి కణుపును గణపతి ఆ పట్టీ మీద ఆనించాడు. తెర దాన్నీ చర్మమనే ఒప్పుకుంది. పైకి జరిపాడు. స్వరం ఎక్కింది. పట్టు అక్కర్లేదు, బలం అక్కర్లేదు. కుడి బొటనవేలితో కింద మీటుతూ, ఎడమ మొండి వేలితో పైన లాగుతూ, అతను చాలాసేపు తల ఎత్తలేదు.

ఇంకా అది జమిడిక కాదు. దాన్ని జమిడిక చెయ్యడానికి నాలుగు శుక్రవారాలు పట్టింది.

"తీగ మీటితె టక్కున పుట్టాలె" అనేవాడు గణపతి. "ఇదేంది, మెల్లగ మెల్లగ లేస్తున్నది?"

ఖాదర్ ఏదో చక్రం సున్నాకు తెచ్చేవాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు పుట్టుక మంచిగున్నది. సావు మంచిగ లేదు. ఊకె మోగుతున్నది. జమిడిక గంట కాదు, జెర మోగి సావాలె."

"ఇప్పుడో?"

"తోలేది? తోలు ఇనవడ్తలేదు."

తోలు కోసం ఖాదర్ ఇసుక రాల్చినట్టుండే చప్పుడొకటి కలిపి, అందులోని కీచుదనమంతా కోసి మందం చేశాడు. బ్లూటూత్ స్పీకర్ పెడితే వేలికీ చెవికీ మధ్య రవ్వంత ఆలస్యం వచ్చింది. ఆ రవ్వంతకే పాట తప్పుతుందని గణపతి ఒప్పుకోలేదు. వైరు తెచ్చి కలిపారు. నాలుగో శుక్రవారం సాయంత్రం గణపతి మీటి, లాగి, రెండేళ్ల తర్వాత గొంతెత్తాడు. గొంతు పగిలింది. ఆపి, నీళ్లు తాగి, మళ్లీ ఎత్తుకున్నాడు. గుమ్మంలో పక్క రూమ్‌వాళ్లు నలుగురు నిలబడి ఉన్నారని పాట అయ్యేదాకా చూడలేదు.

మర్నాడే చిన్నాయనకు వీడియో కాల్ చేసి, స్టోర్‌లో సిమెంటు బస్తాల మీద టాబ్ పెట్టి వినిపించాడు. ఇస్తారి కళ్లు మూసుకుని విన్నాడు. తెరిచాక మాత్రం మొహం గట్టిపడింది.

"సప్పుడు కలిసింది. కాదంటలేను. గని అది జమిడిక కాదురా. తోలు లేదు, తీగ లేదు. అద్దం మీద ఏలు రాసి ఎల్లమ్మను పిలుస్తవా?"

"అమ్మను పిలుస్తలేను చిన్నాయినా. కొలుపు చేస్తలేను. పాడుతున్న."

"ఎవలు పాడుమన్నరు నిన్ను?"

"ఎవలు అనలె. నేనే పాడుతున్న."

ఇస్తారి ఫోన్ పెట్టేశాడు. గణపతి తనకు ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు గాని రాలేదు. కోపం వచ్చింది. వేళ్లు పోయినప్పుడు రావలసిన కోపం అది. అప్పుడు రాకుండా ఇప్పుడొచ్చింది. ఆ రోజు నుంచి డ్యూటీ దిగగానే స్నానమైనా చెయ్యకుండా టాబ్ ముందు కూర్చునేవాడు.

పనివాళ్లు ఉండే క్యాంపులో వాయించిన సంగతి నగరంలోని ఘుబ్రా దాకా పాకింది. అక్కడ తెలుగు కుటుంబాల సంఘం ఒకటి ఉంది. దాని కార్యదర్శి విద్యాసాగర్ రావు, పెద్ద కంపెనీలో ఇంజినీరు. వచ్చే శుక్రవారం జానపద సాయంత్రం పెడుతున్నామని, సంప్రదాయ జమిడిక కళాకారుడు కావాలని గణపతిని పిలిపించాడు. ఖాదర్‌ను వెంటబెట్టుకుని హాలుకు రిహార్సల్‌కు వెళితే చేతికి ఒక సంచి ఇచ్చాడు. అందులో పంచె, గజ్జెలు, పసుపు పొట్లం, రంగులేసిన కర్ర డొల్ల. డొల్లకు తోలు లేదు, తీగ బదులు నైలాన్ తాడు.

"ఇది పట్టుకొని నిలబడితే చాలు గణపతీ. ట్రాక్ మేం పెడతాం. నువ్వు చేతులు ఆడించు, రెండు నిమిషాలు."

ట్రాక్ వినిపించారు. డప్పులూ, కంప్యూటర్ తాళమూ, నడుమ ఎక్కడో వయొలిన్.

"ఇండ్ల జమిడిక ఏది సార్?" అని అడిగాడు గణపతి.

"ఎవరికి తెలుస్తుందయ్యా?"

"నాకు తెలుస్తది."

విద్యాసాగర్ నవ్వాడు. గణపతి తన వెంట తెచ్చిన టాబ్ తీసి, తాను వాయించగలనని, పది నిమిషాలు చాలని చెప్పాడు. విద్యాసాగర్ దాన్నీ, దాని మీది మొండి వేళ్లనీ చూశాడు.

"టాబ్ మీద జానపదమా? జనం నవ్వుతారు. వాళ్లు చూడాలనుకునేది పాత వస్తువు. నువ్వు ఆ డ్రెస్‌లో నిండుగా ఉంటావు, నా మాట విను."

"ట్రాక్ పెడితే నేను చేతులు ఆడియ్య సార్. ఇప్పుడే చెప్తున్న. వద్దంటే నా పేరు తీసెయ్యుండ్రి."

"కార్డులో అచ్చయిపోయింది, ఇప్పుడెట్లా తీస్తాం? వచ్చెయ్, వచ్చెయ్. స్టేజి ఎక్కినాక నువ్వే ఆడతావు" అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఖాదర్ అన్నాడు: "పోకుంటే పోతాదిలే అన్నా. మనకెందుకు ఈ గొడవ?"

"పోకుంటే వాళ్ల ఇష్టమైతది. నేను పోత."

శుక్రవారం సాయంత్రం హాలు నిండింది. ముందు వరసల్లో కుటుంబాలు, వెనక గోడకు ఆనుకుని అల్ అమెరాత్ నుంచీ, ఇంకా దూరపు క్యాంపుల నుంచీ వచ్చిన పనివాళ్లు. పిల్లల కోలాటం అయ్యాక గణపతి పేరు పిలిచారు. అతను ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, ప్యాంటులో స్టేజి ఎక్కాడు. ఒక చంకలో కర్ర డొల్ల, మరో చేతిలో టాబ్. డ్రెస్ లేని అతన్ని చూసి పక్కన నిలబడిన విద్యాసాగర్ మొహం మాడింది. సౌండ్ చూసే రషీద్‌కు సైగ చేశాడు. ట్రాక్ మొదలైంది.

గణపతి డొల్లను మెల్లగా నేల మీద పెట్టాడు. టాబ్ చేతిలోనే ఉంచుకుని, చేతులు రెండూ పక్కలకు వదిలేసి నిలబడ్డాడు. కదలలేదు. డప్పులు మోగుతున్నాయి, వయొలిన్ సాగుతోంది, అతను మాత్రం హాలు వంక సూటిగా చూస్తూ నిలువుగా ఉన్నాడు. ముందు వరసలో ఎవరో నవ్వారు. ఎవరో "మరిచిపోయాడు పాపం" అన్నారు. "ఆడు, ఆడు" అని విద్యాసాగర్ తెర చాటు నుంచి పళ్ల బిగువున అంటున్నాడు. గణపతికి చెవులు కాలిపోతున్నాయి. ఆ రెండు నిమిషాలూ రెండు గంటలంత అయ్యాయి. అయినా చెయ్యి లేపలేదు.

ట్రాక్ ఆగింది. గణపతి మైకు ముందుకు వచ్చాడు.

"ఇప్పుడు మీరు ఇన్నది నాది కాదు. నా చేతులు దాంట్ల లెవ్వు, అందుకే ఆడియ్యలె. నాది ఇప్పుడు ఇనుండ్రి."

ఖాదర్ వైరు పట్టుకుని స్టేజి ఎక్కి టాబ్‌కు కలిపాడు. విద్యాసాగర్ రషీద్ వైపు చెయ్యి అడ్డంగా ఊపాడు, ఆపెయ్యమని. హైదరాబాద్ పాతబస్తీ మనిషి రషీద్. తల వంచుకుని తన మిషన్ మీద ఏదో పని ఉన్నట్టు చూస్తూ, సౌండ్ పెంచాడు.

మొదటి మీటు బాగా పడింది. రెండోది లాగబోతే చెమట తడికి తెర తడబడింది. స్వరం ఎక్కడికో ఎగిరి కీచుమంది. పిల్లలు నవ్వారు. గణపతి ఆపాడు. టాబ్‌ను చొక్కాకు తుడుచుకున్నాడు, మొండి వేలిని తుడుచుకున్నాడు, ఎవరికీ క్షమించమని చెప్పకుండా మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

ఈసారి స్వరం కింది నుంచి పాకి పాకి పైకొచ్చి, అక్కడ నిలబడి, జారింది. అతను ఆ జారుడు మీద గొంతు వేశాడు. తన తండ్రి నేర్పిన కథ కాదు, అందులోని నడక తీసుకుని తానే కట్టుకున్న మాటలు. చువ్వలు కోసే మిషన్ గురించి, కోసిన చువ్వలు ఏ ఫ్లాట్ గోడల్లో ఉన్నాయో, ఆ గోడల నడుమ ఎవరు ఏసీ వేసుకుని నిద్రపోతున్నారో. చరణం చివర ఊతం ఇచ్చేవాడు ఉండాలి. ఊళ్లో అయితే చిన్నాయన ఇచ్చేవాడు. ఇక్కడ ఎవరూ లేరనుకుని గణపతి తానే అందుకోబోయాడు. వెనక గోడ నుంచి ఒకడు "హా..య్" అని ఊతమిచ్చాడు. రెండో చరణానికి పదిమంది, మూడో చరణానికి గోడ గోడంతా.

ముందు వరసల్లో కొందరు భోజనాలకు లేచిపోయారు. కొందరు కూర్చునే విన్నారు. చప్పట్లు ముందు తక్కువ, వెనక ఎక్కువ.

స్టేజి దిగగానే విద్యాసాగర్ అడ్డం వచ్చాడు. "అతిథుల ముందు పరువు తీశావు. నీకు అవకాశం ఇచ్చింది ఇందుకా?"

"నిలబడుమన్నరు, నిలబడ్డ" అన్నాడు గణపతి. "ఆడియ్యనని ముందే చెప్పిన. మీ డొల్ల స్టేజి మీదున్నది, మంచిగ తీస్కోండ్రి."

సార్ అనలేదు. అనలేదని బయటికి వచ్చాక అతనికే తెలిసింది.

మర్నాడు పొద్దున, రిహార్సల్ అప్పుడు అతన్నీ చేర్చుకున్న సంఘం వాట్సాప్ గ్రూపులో జానపద సాయంత్రం ఫొటోలు వచ్చాయి. కోలాటం ఉంది, భోజనాలు ఉన్నాయి. గణపతి లేడు. మధ్యాహ్నానికి గ్రూపులోనే లేడు. ఖాదర్ అది చూసి మండిపడ్డాడు. "మనం రాద్దాం అన్నా, ఉత్తరం రాద్దాం" అని ఎగిరాడు.

"వద్దు. బహ్లా క్యాంపు నుంచి ఫోన్ వచ్చింది" అన్నాడు గణపతి. "గోడ కాడున్నోళ్లల్ల ఒకాయన, మెట్‌పల్లి మనిషి. వాళ్ల క్యాంపుల నలబై మంది మనోళ్లేనట. శుక్రారం రమ్మంటుండు."

"పోదామా?"

"పోదాం. గని ఆ పాటనే పాడ. ఇంకో సౌండు కావాలె నాకు. జమిడిక కాదు, ఏదీ కాదు. ఖాళీ పేజీ తియ్యి."

ఖాదర్ ఖాళీ పేజీ తెరిచాడు. గణపతి ఈసారి అతన్ని అడగలేదు. తానే చక్రం మీద వేలు పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు.