పిట్ట ముట్టని థమ్సప్

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు రాజనర్సు బకెట్ ముందు గొంతుక్కూర్చుని డ్యూటీ చొక్కాలు పిండుతుంటే ఫోన్ మోగింది. ఖతర్‌లో అల్ వుకైర్ దాపున ఉన్న ఆ క్యాంపులో శుక్రవారమంటే బట్టల వారం. ఆ పూట ఎవరు ఫోన్ చేసినా తడి చేత్తోనే ఎత్తాలి. ఎత్తాడు. తెర మీద సురేందర్ మొహం కనబడింది. అతని వెనక ఎండలో వాగొడ్డు, ఓ పక్కన ముసుగులు కప్పుకున్న ఆడవాళ్లు, నేల మీద పరిచిన మోదుగాకు విస్తరి.

"అన్నా, పిట్ట ముడ్తలేదే," అన్నాడు సురేందర్. మంచీ లేదు, చెడూ లేదు, మొదలే ఆ మాట.

సురేందర్ వాళ్లన్న గజేందర్, రాజనర్సు ఒక్క ఊరివాళ్లే, ఒక్క గదిలో పక్కపక్క మంచాల మీద పదకొండేళ్లు ఉన్నారు. పది రోజుల కింద గజేందర్ డ్యూటీకి బూట్లు తొడుక్కుంటూ అలాగే మంచం మీదికి ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. కాగితాలన్నీ తిరిగి తిరిగి శవపెట్టె ఊరికి చేరేసరికి బుధవారమైంది. అదే సాయంత్రం దహనం చేశారు. ఈ శుక్రవారం మూడో రోజు, మూడొద్దులు.

కోరుట్ల వైపు మూడొద్దుల నాడు పిట్టకు పెడతారు. పోయినవాడికి బతికుండగా ఏది ఇష్టమో అది వండి, ఏది తాగేవాడో అది తెచ్చి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు, లేదా ఇంట్లో ఎవరి మీదో కోపం ఉన్నట్టు. ముట్టేదాకా ఇంటివాళ్లు మెతుకు నోట్లో పెట్టరు. ఇది నమ్మకమా, మూఢనమ్మకమా అని తేల్చుకోదలచినవాళ్లు ఏసీ గదుల్లో కూర్చుని నిదానంగా తేల్చుకోవచ్చు. ఎండలో ఆకలితో నిలబడ్డవాళ్లకు అంత తీరిక ఉండదు.

"ఏమేం పెట్టిన్రు?" అడిగాడు రాజనర్సు.

"యాటకూర, గారెలు, కల్లు, సిగరెట్టు. రెండు లీటర్ల థమ్సప్. అన్నకు థమ్సప్ అంటె పానం గదనే. గంటన్నరయింది. కాకులు చెట్టు మీదికెళ్లి సూస్తున్నయి గని దిగుతలెవ్వు."

"థమ్సప్ సల్లగున్నదా?"

"తెచ్చినప్పుడు సల్లగనే ఉండె. ఇప్పుడు ఛాయ్ లెక్కయింది."

"మరి గదే! ఉడుకుది వాడు ముడ్తడారా? ఐసుల పెట్టి ఇంకోటి తెండ్రి."

ఈ మాట రాజనర్సు చాలా ధీమాగా చెప్పాడు. ధీమా ఉండదా మరి! గజేందర్ ఖతర్‌లో దిగిన తొలి శుక్రవారం అతనికి థమ్సప్ కొనిచ్చింది తనే. ఇక్కడి కోలాలు తియ్యనీళ్లనీ, గొంతు కోసుకుంటూ దిగేది మన థమ్సప్పేననీ, అది ఇండియా నుంచి వస్తుంది కాబట్టి అన్ని కొట్లలో దొరకదనీ ఉపన్యాసం కూడా ఇచ్చాడు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం అన్నం తిన్నాక రెండు సీసాలు. ఒకటి తనకు, ఒకటి గజేందర్‌కు. గజేందర్ ఒక్క దమ్మున తాగి, మూతి తుడుచుకుని, "మస్తున్నదే" అనేవాడు. లీవులో ఊరికి పోయినప్పుడు గజేందర్ భార్య విజయరాణికి ఈ సంగతి చెప్పింది కూడా రాజనర్సే. అప్పట్నుంచి గజేందర్ సెలవు మీద ఇంటికి వస్తున్నాడంటే చాలు, విజయరాణి ముందే థమ్సప్ సీసాలు తెప్పించి ఫ్రిజ్ నింపేది.

తెర మీద ఎవరో ముసలామె గొంతు చించుకుంటోంది. ఆమె గజేందర్ మేనత్త ఎల్లవ్వ. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

"ఈడి ముచ్చట అడుగుతవేందిరా! దుబాయ్‌ల ఏం తాగెటోడో అడుగు! పదకొండేండ్లు ఆడనే ఉండె. ఈడిది యాదికుంటదా వానికి?"

ఆ ఊళ్లో ఖతర్‌ను ఖతర్ అనేవాళ్లు లేరు. కువైటైనా, మస్కటైనా దుబాయే. రాజనర్సు ఆ తప్పు దిద్దడం ఎప్పుడో మానేశాడు.

"దుబాయ్‌ది గూడ పెట్టినం అత్తమ్మా," అంది వెనక నుంచి ఇంకో ఆవిడ. "పోయినపారి తెచ్చిన వింటో సర్బత్ సీస ఇప్పి పోసినం గద. దగ్గు మందు లెక్కున్నదది. కాకేం ముడ్తది!"

సురేందర్ ఫోన్ పట్టుకుని పక్కకు నడిచాడు. గొంతు తగ్గించాడు.

"అన్నా, గిది పిట్టతోని పోయే ముచ్చట గాదు. పోయిన నెల అన్న, ఇగ సాలు, నేనచ్చేస్త అన్నడట. పోరి పదో తరగతయిందాక ఉండు, ఇంకొక్క ఏడాది అన్నదట వదిన. ఇప్పుడు పిట్ట దిగకపొయ్యేసరికి ఆడోళ్లు గుసగుస పెడుతున్రు. పెండ్లాం మీద కోపంతోనే పోయిండట. వదిన గూడ గదే నమ్ముతున్నది. మూడొద్దులాయె, పచ్చి మంచినీళ్లు ముడ్తలేదు. నా వల్లనే సచ్చిండు, నన్ను మాఫ్ చేస్తలేడు అని ఒక్కటే ఏడుసుడు. ఒక్క రూంల ఉన్నోనివి, నీకు తెల్వకుంట ఉంటదా? ఇంకేమన్న ఇష్టముండెనా, యాది చేసుకోరాదే."

ఫోన్ ఊగినప్పుడు విజయరాణి కనిపించింది. మోకాళ్లలో తల పెట్టుకుని, అందరికీ ఎడంగా కూర్చుని ఉంది.

 యాది చేసుకుందామని కూర్చుంటే రాజనర్సుకు ఒక్కటీ రాలేదు. గజేందర్ పెట్టింది తిన్నాడు, పోసింది తాగాడు, అన్నిటికీ మస్తున్నదన్నాడు. పదకొండేళ్లలో అతను ఇది కావాలి అన్న మాట ఒక్కటి గుర్తుకొస్తే ఒట్టు.

"పది నిమిషాలాగు," అని, పిండుతున్న చొక్కా బకెట్లోనే వదిలేసి, లుంగీ మీదనే క్యాంపు వెనకాల బకాలాకు ఉరికాడు.

బకాలా అంటే కిరాణా కొట్టే. యజమాని ఎక్కడో ఉంటాడు. పన్నెండేళ్లుగా కౌంటర్ మీద కూర్చునేది మాత్రం మెట్‌పల్లి ఫరీదుద్దీన్. ఆయనకు ఒక గొప్ప ఉంది. మనిషి ఫ్రిజ్ తలుపు తీసి ఏ సీసా మీద చెయ్యి వేస్తాడో చూసి వాడిది ఏ దేశమో, ఏ జిల్లానో చెప్పేస్తానంటాడు. పచ్చరంగు పకోలా తీస్తే కరాచీవాడు. అల్లం సోడా తీస్తే శ్రీలంకవాడు. మౌంటెన్ డ్యూ రెండు తీస్తే నేపాలీ, పక్కవాడికి ఒకటిస్తాడు. లబన్ అనే మజ్జిగ తీసిన అరబ్బును చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు, లబన్ తీసిన తెలుగువాడైతే వాడికి పొద్దున్నుంచి విరేచనాలు. ఇలా ఉంటుంది ఆయన శాస్త్రం. సగం అబద్ధమైనా వినడానికి బాగుంటుంది కాబట్టి ఎవరూ కాదనరు.

రాజనర్సు ఆయాసపడుతూ సంగతి చెప్పాడు.

"గజేందర్ భాయికి థమ్సప్పా?" ఫరీదుద్దీన్ నవ్వబోయి, పోయినవాడి మాట కాబట్టి ఆపుకున్నాడు. "నక్కో యార్! గంత తీపు నాతోని గాదు భాయ్ అనెటోడు. నువ్వు కొనిస్తె తాగెటోడు, గంతే."

"ఏం మాట్లాడుతున్నవ్ ఫరీద్ భాయ్? పదకొండేండ్లు తాగిండు వాడు."

"హా, నీకోసం తాగిండు. నువ్వు శుక్రారం బట్టలు పిండుకుంట ఉంటవ్ సూడు, గా టైముకు వచ్చెటోడు నా దగ్గరికి. సాదా సోడా డబ్బ తీసెటోడు. సగం నిమ్మకాయ పిండిపిచ్చుకుని, ఉప్పేపిచ్చుకునెటోడు. ఈ ఉప్పు పొట్లం వానికోసమే పెట్టిన." కౌంటర్ కింద నుంచి పొట్లం తీసి చూపించాడు. "ఒక గుటక తాగి, ప్రతిసారి ఒక్కటే మాట. 'ఎహె, ఇది గోలీసోడా గాదు భాయ్.' అని మళ్ల మొత్తం తాగెటోడు. మీ ఊరి కమాన్ కాడ సోడబండి ఉంటదట గద? లగ్గం గాకముందు రోజుకు రెండు తాగుతుండెనట. ఇప్పుడు లీవు మీద పోతె ఎవ్వరు తాగనియ్యరట. దుబాయికెళ్లి వచ్చినోనికి బండి సోడా పోస్తె ఇజ్జత్ పోతదని పెద్ద సీస తెచ్చి ముంగట పెడ్తరట. చెప్పి నవ్వెటోడు."

"నాకెందుకు చెప్పలే?"

"బురా మాన్తవని. నర్సన్న మొదటి దినం నాకు ప్రేమతోని కొనిచ్చిండు, ఇప్పుడు వద్దంటె మనసు నొచ్చుకుంటడు అనెటోడు."

రాజనర్సుకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. పక్క మంచం మీద పడుకుని, తన జ్వరానికి తడిగుడ్డ వేసి, తన గురకకు చెవుల్లో దూది పెట్టుకున్న మనిషి, ఒక్క ముక్క చెప్పలేకపోయాడా! వద్దంటే తనేమన్నా కొరుక్కు తినేవాడా! ఆ కోపంలోనే సిగ్గు కూడా వేసింది. ఊరంతటికీ థమ్సప్ థమ్సప్ అని చాటింపు వేసింది తనే. ఇప్పుడు ఆ ఆడకూతురు వాగొడ్డున నిందలు మోస్తున్నదీ ఆ చాటింపు వల్లనే.

అక్కడే, ఫ్రిజ్ పక్కన నిలబడి ఫోన్ చేశాడు.

"సురేందర్, థమ్సప్ తీసెయ్యుండ్రి. గోలీసోడా తెండ్రి. కమాన్ కాడి బండిది. నిమ్మకాయ, ఉప్పు ఏసి."

"సోడానా?" సురేందర్ బిత్తరపోయాడు. "అన్నా, నలుగురు సూస్తున్రు. దుబాయ్‌కెళ్లి వచ్చినోనికి సోడా పెట్టిన్రంటే..."

"ఇజ్జత్ మీది, ఇష్టం వానిది. ఉరుకు! ఫోన్ చెల్లెకియ్యి."

విజయరాణి ఫోన్ తీసుకుంది. మొహం ఉబ్బి ఉంది. 

"చెల్లె, థమ్సప్ అని నేనే చెప్పిన. నాకు తెల్వకనే చెప్పిన. తప్పు నాది. వానికి ఇష్టమున్నది సోడా. నీ మీద కోపం గాదు, ఏం గాదు. ఇనవడ్తున్నదా?"

ఆమె వింటున్నట్టు తల ఆడించింది. నమ్మినట్టు మాత్రం లేదు.

దాయాదుల పిల్లవాడు విశాల్‌ను మోటార్ సైకిల్ మీద పంపారు. ఊరి మొగదల ఉండే ఆ కమాన్ అక్కడికి కిలోమీటరుంటుందేమో. పావుగంటలో రెండు సోడాలు వచ్చాయి. గోలీ లోపలికి నొక్కిన చప్పుడు ఖతర్ దాకా వినబడింది. దొప్పలో పోసి, నిమ్మకాయ పిండి, ఉప్పు చల్లి, అందరూ వెనక్కి జరిగారు. సురేందర్ ఫోన్‌ను విస్తరి వైపు తిప్పి పట్టుకున్నాడు. బకాలాలో ఫరీదుద్దీన్ కౌంటర్ మీదికి వంగి, రాజనర్సు భుజం మీద గడ్డం ఆనించినంత పని చేసి చూస్తున్నాడు. సిగరెట్లకు వచ్చిన ఒక బంగ్లాదేశీని చెయ్యెత్తి ఆపాడు.

ఐదు నిమిషాలు ఏమీ లేదు. పది నిమిషాలకు ఒక కాకి దిగింది. రెండు గంతులు వేసింది, ఆగింది, మళ్లీ ఒక గంతు. అది సోడాలో ముక్కు ముంచిందో, పక్కనున్న యాటకూర ముక్కే ఎత్తుకుపోయిందో సరిగ్గా చెప్పలేం. అదే క్షణాన సురేందర్ చేతిలో ఫోన్ జారి తెరంతా ఆకాశమైపోయింది. సోడా రుచి కాకికేం తెలుసని అడగబోయేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. "ముట్టింది! ముట్టింది!" అని ఎల్లవ్వ వేసిన కేక మాత్రం ఖాయం.

"ముట్టిందా?" అన్నాడు ఫరీదుద్దీన్.

"ముట్టిందట."

"షుకర్," అని ఆయన బంగ్లాదేశీకి సిగరెట్లు ఇచ్చాడు.

ఊళ్లో ఆడవాళ్లు విజయరాణి చుట్టూ చేరారు. ఇంతసేపు గుసగుసలాడినవాళ్లే నెత్తి నిమిరారు, నీళ్లు తాగించారు. కాసేపటికి ఆమే ఫోన్ అడిగి తీసుకుంది.

"నా మీద కోపం లేనట్టే గద అన్నా?"

"లేదు చెల్లె. పొయ్యి ఇంత బువ్వ తిను."

ఆమె కళ్లు తుడుచుకుంది. పోతుందనుకున్నాడు. పోలేదు.

"గా సోడబండి రోజు మా ఇంటి ముంగటికెళ్లే పోతదే. లీవుల వచ్చినప్పుడు నెల రోజులు నా కండ్ల ముంగట ఉంటుండె. ఒక్కనాడన్న నాకీ థమ్సప్ వద్దు, సోడా తాగుత అని ఎందుకు చెప్పలేదన్నా నాకు?"

 ఎండ ఎక్కుతున్నది, ఇంటికి పోండ్రి అని చెప్పి రాజనర్సు ఫోన్ పెట్టేశాడు.

గదికి వచ్చి చొక్కాలు జాడించి ఆరేశాడు. పక్క మంచం మీద పరుపు చుట్టి ఉంది. మనసాగక ఊరికి, భార్య రాణికి ఫోన్ చేశాడు. రాణి గడప దగ్గర కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. ఫోన్ గోడకు ఆనించి, కత్తెర ఆడిస్తూనే మాట్లాడింది. పిట్ట ముట్టిన కబురు అప్పుడే ఆమెదాకా వచ్చేసింది.

"రాణీ, నీకు తాగేటందుకు ఏదిష్టమే?"

కత్తెర ఆగింది. ఆమె మొహం తెర దగ్గరికి వచ్చేసింది.

"ఏమైంది? పానం మంచిగ లేదా? దవాఖానకు పోయినవా?"

"ఏం గాలే. ఊకెనే అడుగుతున్న."

"ఊకెనే ఎవ్వలడుగుతరు గిది? నిజం చెప్పు!"

"ఒట్టే, నాకేం గాలే. నీ ముచ్చట చెప్పు. నేను తెచ్చే ఆరంజి పొడి డబ్బలు ఇష్టమే గద నీకు?"

పదహారేళ్లుగా లీవుకు పోయినప్పుడల్లా రాజనర్సు ఆ డబ్బాలు తీసుకుపోతాడు. దిగిన సాయంత్రమే తన చేత్తో కలిపి, పెద్ద గ్లాసు నిండా పోసి ఆమెకు ఇస్తాడు. ఆమె అడుగు దాకా తాగుతుంది. ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుని చూడటం అతనికి సంబరం.

రాణి ఆకు ముక్కను వేళ్ల మధ్య నలిపింది.

"అది తాగితె తెల్లారిందాక పుల్లటి తేన్పులే నాకు," అంది.

"మరి చెప్పద్దానే! పదహారేండ్లాయె!"

"ఏమని చెప్పాలె? వచ్చేదే రెండేండ్లకోపారి, ఉండేదే నెల రోజులు. అందుల ఒక్క దినం నీ మొఖం చిన్నగ చెయ్యాల్నా?"